ఆ బోల్టు ఉన్నది పెద్ద టైర్ల కోసం కాదు

పెద్ద టైరు పట్టాలంటే పికప్ ముందర ఎత్తు లేపాలి, లేపాలంటే కింద ఉన్న బోల్టును నాలుగు చుట్లు బిగిస్తే చాలు. వరంగల్ ఆటోనగర్ నుంచి ములుగు దాకా ఏ షెడ్డు దగ్గర నిలబడ్డా ఈ మాట వినిపిస్తుంది. టైర్లు అమ్మేవాళ్ళు చెప్తారు, వేయించుకున్నవాళ్ళు చెప్తారు, ఇంకా బండి కొననివాళ్ళు కూడా చెప్తారు. నా మటుకు నేను ఇది పూర్తిగా తప్పని వాదిస్తాను. ఆ బోల్టు బిగిస్తే టైరుకు జాగా దొరకదు. దొరికినట్టు కనబడుతుంది, అంతే. ఆ కనబడినదాన్ని నమ్మి డబ్బు పెట్టేది ఎక్కువగా బండి మీదే బతికే కుటుంబాలు కాబట్టి ఈ సంగతి వివరంగా రాస్తున్నాను.

పెద్ద టైర్ల మీద కోరిక ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. నాట్లు మొదలయ్యాక నర్సంపేట, కొత్తగూడ వైపు పొలాల బాటలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా గాడి పడుతుంది, నడుమ మట్టి గట్టులా మిగులుతుంది. ట్రాక్టర్ వెనక చక్రం పెద్దది, దానికేమీ కాదు. పికప్ ఆ గాడిలోకి దిగిందంటే దాని కడుపు నడిమి గట్టు మీద కూర్చుంటుంది. యూరియా బస్తాలు వేసుకొని పోవాల్సింది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. కాబట్టి ఎత్తు కావాలనడంలో తప్పులేదు. ఏ ఎత్తు, ఎక్కడ, దేనితో వస్తుందన్న దగ్గరే లెక్క తప్పుతోంది.

ముందు ఆ బోల్టు ఏం చేస్తుందో చూద్దాం. టాటా సుమో, క్వాలిస్, తవేరా లాంటి బండ్లకూ పాత పికప్‌లలో కొన్నిటికీ ముందర కాయిల్ స్ప్రింగు ఉండదు. దాని బదులు ఛాసిస్ పొడవునా, రెండు వైపులా ఒక్కో ఉక్కు రాడ్డు ఉంటుంది. అదే టార్షన్ బార్. దాని ఒక కొన చక్రాన్ని మోసే ఆర్మ్‌కు, రెండో కొన ఛాసిస్ అడ్డబద్దలో ఉండే చిన్న ఆర్మ్‌కు బిగించి ఉంటుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా తడిబట్ట పిండినట్టు ఆ రాడ్డు మెలి తిరుగుతుంది, మళ్ళీ విప్పుకుంటుంది. అదే దాని స్ప్రింగు గుణం. ఛాసిస్ వైపున్న చిన్న ఆర్మ్ కింద నుంచి ఒక బోల్టు తోసి పట్టుకొని ఉంటుంది. బోల్టు బిగిస్తే రాడ్డు మొదలుకోణం మారుతుంది, బండి ముందర భాగం లేస్తుంది. వదులు చేస్తే దిగుతుంది.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు, "బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడతది" అని. గట్టిపడదు. రాడ్డు మందం మారలేదు, పొడవు మారలేదు, ఉక్కు మారలేదు. ఒక అంగుళం అణగడానికి దానికి కావాల్సిన బరువు దాదాపు అంతే. మరి బండి గట్టిగా ఎందుకు ఎగురుతుంది? చక్రం కిందికి దిగాల్సిన దూరాన్ని ముందే వాడేశాం కాబట్టి. చక్రానికి పైకి కొంత, కిందికి కొంత కదలిక ఇచ్చి కంపెనీ బండిని తయారుచేస్తుంది. రెండు అంగుళాలు లేపితే కిందికి దిగే కదలికలో రెండు అంగుళాలు పోయినట్టే. స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు పై ఆర్మ్ పోయి, చక్రం కిందికి దిగే హద్దు దగ్గరుండే రీబౌండ్ రబ్బరును కొడుతుంది. లేపిన బండ్లు ఊర్లో స్పీడ్‌బ్రేకర్ దాటుతుంటే ముందర నుంచి టప్పుమని వినపడేది ఆ దెబ్బే. మా దగ్గర ఒక ఊరు దాటాలంటే అలాంటి దెబ్బలు ఎన్ని పడతాయో అందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. టైరు మడ్‌గార్డుకు ఎప్పుడు తగులుతుంది? బండి నిలబడి ఉన్నప్పుడు కాదు. మిషన్ కాకతీయ చెరువు కట్ట దిగి తూము మీద ఒక పక్క చక్రం ధడాలున పడ్డప్పుడు, స్టీరింగ్ కూడా తిప్పి ఉన్నప్పుడు. ఆ క్షణంలో చక్రం ఎంత పైకి పోగలదో అంత పైకి పోతుంది. ఎక్కడ ఆగుతుందో తేల్చేది బోల్టు కాదు, చక్రం పైకి లేచే హద్దు దగ్గరుండే బంప్ రబ్బరు. ఆ రబ్బరు ఉన్న చోటే ఉంది, దాన్ని మనం కదల్చలేదు. అంటే నాలుగు చుట్లు బిగించినా నలభై చుట్లు బిగించినా చక్రం చివరికి చేరే చోటు ఒక్కటే. అక్కడ పెద్ద టైరుకు జాగా లేకపోతే, లేనట్టే. బిగించాక రబ్బరు దాకా చేరడానికి ఇంకొంచెం పెద్ద దెబ్బ కావాలి, అది నిజం. కానీ బస్తాలు వేసుకొని మా బాటల్లో తిరిగే బండికి అంత దెబ్బ తగలడం అరుదేమీ కాదు.

కాయిల్ స్ప్రింగుల బండ్లలో స్ప్రింగు మీద స్పేసర్ పెట్టి లేపుతారు. ముందర కమాన్ కట్టలు, అంటే ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు, ఉన్న బండ్లలో ఒక పట్టీ ఎక్కువ వేయిస్తారు. పద్ధతి మారింది గాని పై హద్దు చెప్పే రబ్బరు అక్కడా ఉంది.

షాపులో ఇదంతా ఎందుకు బయటపడదంటే, అక్కడ బండి సిమెంటు నేల మీద ఖాళీగా నిలబడి ఉంటుంది. టైరు వేస్తారు, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతారు. వెనక అంచుకు రాసుకుంటే బోల్టు బిగిస్తారు. మళ్ళీ తిప్పితే రాసుకోదు. చూసినవాడికి పని అయిపోయిందనిపిస్తుంది. డబ్బులు ఇచ్చి ఇంటికి పోతాడు.

మా చిన్నమ్మ కొడుకు పాత పికప్ కొని, 215/75 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 వేద్దామని బయలుదేరినప్పుడు నేను వాణ్ణి ఆపి హన్మకొండలో మాకు తెలిసిన మేస్త్రి దగ్గరకు తీసుకుపోయాను. వయసులో పెద్దాయన, అందరం చాచా అని పిలుస్తాం. తమ్ముడు అడిగిన మొదటి మాట, "చాచా, బోల్టు ఎన్ని చుట్లు తిప్పుతవ్?" ఆయన జవాబు చెప్పలేదు. షెడ్డులో ఉన్న ఒక పాత 235 టైరును రిమ్ముతో సహా తెప్పించి ఎడమ పక్క బిగించాడు. ముందర ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, బోల్టు పూర్తిగా వదులు చేసి, రాడ్డులో మెలి లేకుండా చేశాడు. తర్వాత కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా లేపుకుంటూ పోయాడు.

"రబ్బరు తగిలేదాక లేపాలె బాబూ. గప్పుడే టైరు నిజం చెప్తది."

టైరు భుజం మీద చుట్టూరా సుద్దముక్కతో మందంగా రాశాడు. ఆర్మ్ పోయి బంప్ రబ్బరును నొక్కాక తమ్ముణ్ణి స్టీరింగ్ తిప్పమన్నాడు. ఎడమకు సగం తిరిగేసరికే ఆగింది. టార్చి వేసి చూపించాడు. మడ్‌గార్డు వెనక అంచు దగ్గర, రెండు రేకులు కలిసి అతుకు పడ్డచోట, వేలెడు పొడవున తెల్లని గీత. కుడికి తిప్పితే లోపలి పక్క యాంటీరోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ) మీద ఇంకో తెల్లటి మరక. రేకు అతుకు కత్తిలా పదునుగా ఉంటుంది. టైరు పక్క గోడ అక్కడ రోజూ రాసుకుంటే ఏమవుతుందో తమ్ముడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బోల్టు ఆ పూటంతా వదులుగానే ఉంది. బిగించి ఉన్నా ఆ గీతలు పడేది ఆ చోట్లలోనే.

ఈ పరీక్ష ఏ షెడ్డులోనైనా చేయవచ్చు. ఒక జాకీ, రెండు స్టాండ్లు, ఒక సుద్దముక్క చాలు. టైర్లకు డబ్బు కట్టకముందే ఇది చేయించుకోవాలని నేను అడుగుతాను. చేయడానికి ఒప్పుకోని షాపులో టైర్లు కొనవద్దని కూడా చెప్తాను.

ఇప్పుడు ఎత్తు లెక్క. 215/75 ఆర్15 అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో 75 శాతం, అంటే 161. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. రెండు పక్క గోడలూ రిమ్మూ కలిపితే దాదాపు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15కు అదే లెక్క వేస్తే 733 వస్తుంది. తేడా 30. అందులో సగమే ఇరుసు కింద పెరిగేది, అంటే 15 మిల్లీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరు.

పికప్ వెనక యాక్సిల్ నడుమ ఉబ్బినట్టుండే డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) ఉంటుంది కదా, గాడిలో దిగినప్పుడు నడిమి గట్టును ముందుగా తాకే వాటిలో అదొకటి. బోల్టులు, స్పేసర్లు, కమాన్ పట్టీలు ఏం వేసినా దాని కింద ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, ఎందుకంటే అది చక్రాల మధ్యనే ఉంది, స్ప్రింగుల మీద లేదు. టైరు పెరిగితేనే అది లేస్తుంది, అదీ 15 మిల్లీమీటర్లు. ముందర బంపరు మాత్రం లేస్తుంది, గట్టు ఎక్కేటప్పుడు తగలకుండా పోవచ్చు. ఆ లాభం ఉందని ఒప్పుకుంటాను. కానీ బండి దిగబడేది సాధారణంగా బంపరు తగిలి కాదు. వెనక రెండు చక్రాల్లో ఒకటి బురదలో జారితే మామూలు డిఫరెన్షియల్ ఇంజన్ బలాన్ని ఆ జారే చక్రంలోనే తిప్పి ఖర్చు చేస్తుంది, గట్టినేల మీదున్న రెండో చక్రం కదలదు. దానికి పెద్ద టైరు ఇచ్చే సాయం చాలా తక్కువ.

పైగా ఆ 15 మిల్లీమీటర్ల కోసం ఇచ్చేది ఉంది. టైరు చుట్టుకొలత 4 శాతం పెరిగింది. మీటర్ 80 చూపిస్తే బండి 83 మీద పోతుంటుంది. ప్రతి గేరులోనూ లాగుడు అంత మేర తగ్గుతుంది, బ్రేకు పట్టు కూడా అంతే తగ్గుతుంది. భూపాలపల్లి గనుల దారిలో లోడుతో ఎక్కేవాళ్ళు ఇది మొదటి రోజే గమనిస్తారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది హెడ్‌లైట్ల సంగతి. ఖాళీ పికప్ వెనక భాగం కొంచెం ఎత్తుగా ఉంటుంది. చాలామందికి అది చూడ్డానికి బాగుండదు, ముందర లేపి సమం చేస్తే బండి మంచిగా కనబడుతుందంటారు. వెనక ఎత్తు లోపం కాదు. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి బస్తాలు తాళ్ళు కట్టి ఎనుమాముల మార్కెట్‌కు బయలుదేరినప్పుడు వెనక దిగి బండి సమమయ్యేందుకే దాన్ని అట్లా చేశారు. ముందే సమం చేసిన బండిలో బస్తాలు వేస్తే వెనక కూలబడి ముక్కు ఆకాశం చూస్తుంది. డిమ్ లైటును సుమారుగా మీటరుకు ఒక సెంటీమీటరు కిందికి వాలేటట్టు అమర్చుతారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3 మీటర్లున్న బండిని ముందర 5 సెంటీమీటర్లు లేపితే వెలుతురు మీటరుకు దాదాపు 1.7 సెంటీమీటర్లు పైకి తిరుగుతుంది. అంటే కిందికి వాలాల్సిన డిమ్ లైటు ఇప్పుడు పైకి ఎక్కుతోంది. బస్తాల బరువుకు వెనక ఇంకో 5 సెంటీమీటర్లు దిగితే 25 మీటర్ల దూరంలో ఆ వెలుతురు బైకు మీద వచ్చే మనిషి కళ్ళ ఎత్తుకు వస్తుంది. నర్సంపేట రోడ్డు మీద రాత్రి ఎదురొచ్చేది ఎవరు? భార్యాపిల్లల్ని ఎక్కించుకొని పెళ్ళి నుంచి తిరిగొస్తున్న బైకులు, లైటు లేని ఎడ్లబండ్లు, రోడ్డు పక్కన వడ్లు ఆరబోసుకొని కావలి పడుకున్న రైతులు. బండిని లేపించుకున్నవాళ్ళలో లైట్లు మళ్ళీ దించి సరిచేయించుకున్నవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు.

అలైన్‌మెంట్ మాట కూడా అంతే. ముందర లేస్తే చక్రాల పై భాగం బయటికి వాలుతుంది, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) మారుతుంది, టైరు బయటి అంచు ముందే అరుగుతుంది. కొత్త టైర్ల జతను తొందరగా తినేసిన బండ్లను చూసి "కంపెనీ బాగాలేదు" అంటుంటారు, కంపెనీ పాపం అందులో ఏమీ లేదు. బాల్ జాయింట్ వాలిన కోణంలో పనిచేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ముందర యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు బయటికి చిమ్ముతుంది, మట్టి లోపలికి పోతుంది. ఇక టైరు రాసుకోకుండా ఉండడానికి బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేయించేవాళ్ళున్నారు. దాంతో స్టీరింగ్ బరువెక్కుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది, తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద చాపంలో తిరిగి మడ్‌గార్డు అంచుకు మరింత దగ్గరవుతుంది.

చట్టం కూడా మన వైపు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. చెక్‌పోస్టు దగ్గర ఎవరూ ఆపకపోవచ్చు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ తరఫున వచ్చే మనిషి మాత్రం టైరు మీద రాసిన సైజును ఆర్‌సీ, కంపెనీ పుస్తకాలతో పోల్చి చూస్తాడు.

మరి ఆ బోల్టు ఎందుకిచ్చారు? ఏళ్ళు గడిచేకొద్దీ టార్షన్ బార్ కుంగుతుంది. రెండు పక్కలూ ఒక్కతీరుగా కుంగవు. డ్రైవర్ వైపు ఎక్కువ కుంగుతుంది, రోడ్డు ఎడమకు వాలి ఉంటే ఇంకో తీరుగా కుంగుతుంది. అప్పుడు బండిని దాని అసలు ఎత్తుకు, రెండు పక్కలూ సమానంగా తేవడానికే ఆ బోల్టు. నిజానికి మా వైపు "ఎత్తు సరిపోవట్లేదు" అని తెచ్చే పాత పికప్‌లలో చాలావాటికి పోయింది ఈ ఎత్తే. కంపెనీ ఇచ్చిన ఎత్తు తిరిగి తెస్తే చాలు, ఓనరు అడిగిన దాంట్లో సగం దొరుకుతుంది, అది కూడా టైర్లు మార్చకుండా, చట్టం దాటకుండా.

కొలత నేల నుంచి తీయకూడదు, టైరు గాలిని బట్టి అది మారుతుంది. చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నిలువునా టేపు పెట్టాలి. బండి సమమైన నేల మీద, ఖాళీగా, నాలుగు టైర్లలో సరైన గాలితో ఉండాలి. జాకీ దించగానే కొలిస్తే తప్పు కొలత వస్తుంది. పది గజాలు ముందుకూ వెనక్కూ నడిపి, బానెట్ మీద రెండు చేతులతో నాలుగుసార్లు ఊపి వదిలాక కొలవాలి. బోల్టు తిప్పేటప్పుడు చక్రం గాలిలో ఉండాలి. బరువు మీద తిప్పితే మరలు పోతాయి, రాడ్డులో ఉన్న మెలి ఒక్కసారిగా విడిస్తే చేతులు పోతాయి. అందుకే తెలిసిన మేస్త్రి చేతనే ఈ పని చేయించాలి. అయ్యాక అలైన్‌మెంట్, ఆ తర్వాత లైట్లు.

బురద కోసం టైరు మార్చాలనుకుంటే అదే సైజులో, పెద్ద గడులు, వాటి మధ్య వెడల్పు సందులున్న రకం చూసుకోవాలని నా సలహా. ఎర్ర చెలక నేలల్లో పైన జిగురున్నా కింద గట్టి పొర ఉంటుంది, సన్నటి టైరు దాన్ని అందుకుంటుంది. వెడల్పు టైరు పైనే తేలి జారుతుంది. లోడ్ ఇండెక్స్ కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు. 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందని అర్థం. చూడ్డానికి బలంగా కనబడే కొన్ని కారు టైర్లలో ఈ అంకె తక్కువ ఉంటుంది, బస్తాలు వేసే బండికి అవి పనికిరావు. నల్లరేగడిలో వాన పడ్డ రోజు మాత్రం ఏ టైరును నమ్మకండి. బండిని సడక్ మీదే ఆపి, సరుకు ట్రాక్టర్ ట్రాలీలో తెప్పించుకోవడమే దారి.

తమ్ముడి బండి సంగతి ఇట్లా తేలింది. అదే 215 సైజులో బురద రకం టైర్లు తీసుకున్నాడు. ముందర రెండు పక్కలా కొలిస్తే డ్రైవర్ వైపు వేలు మందం కిందికి ఉంది. బోల్టు తిప్పడానికి పానా తీయబోతున్న కుర్రాణ్ణి చాచా ఆపాడు, ముందు వెనక కమాన్ కట్టలు కడిగి చూడమన్నాడు. మట్టి పోయాక కుడి కట్టలో మూడో పట్టీ విరిగి కనబడింది. వెనక ఒక మూల కుంగితే ముందర కొలత కూడా పక్కకు వాలుతుందని, పట్టీ మార్చాక మళ్ళీ కొలుద్దామని చెప్పి పంపాడు. పట్టీ మారాక ముందర తేడా సగానికి తగ్గింది. మిగిలిన సగానికి బోల్టు ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు.